ఒక్క మాట పలకడంలో తేలిన ప్రాణాలు: 1937 నాటి హైతీ సరిహద్దు మారణకాండ

జాతి నిర్మూలన అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండు మూడే. హిట్లర్ కాలంలో యూదులను చంపడం, 1994లో రువాండాలో టుట్సీలను చంపడం, ఇంకాస్త చదివినవాళ్లకు 1915 నాటి అర్మేనియన్ల కథ. వీటి మీద పుస్తకాలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి, విచారణలు జరిగాయి. కానీ చరిత్రలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఆ దేశం దాటి బయటకు రాలేదు. కొన్ని ఆ దేశపు పాఠ్యపుస్తకాల్లో కూడా సరిగ్గా చోటు దొరకనివి.

అలాంటి వాటిలో ఒకదాన్ని ఈ వ్యాసంలో వివరంగా చెప్పుకుందాం. 1937 అక్టోబరులో కరీబియన్ సముద్రంలోని ఒక దీవిలో, డొమినికన్ రిపబ్లిక్ సైన్యం తన సరిహద్దు జిల్లాల్లో ఉన్న హైతీ మూలాల జనాన్ని వారం పది రోజుల్లో వేల సంఖ్యలో నరికి చంపింది. ఈ సంఘటననే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. చనిపోయినవాళ్లు కొత్తగా వచ్చిన వలసవాళ్లు కారు. చాలామంది రెండు మూడు తరాలుగా అక్కడే ఉన్నవాళ్లు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష మాట్లాడుకునేవాళ్లు. హోసూరు, బళ్లారి, బరంపురం, సిరొంచ, యానాం వంటి చోట్ల తరాలుగా ఉంటున్న మన పాఠకులకు ఆ బతుకు ఎలా ఉంటుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. అంతమాత్రాన మన పరిస్థితిని వాళ్లు పడ్డ దానితో పోల్చడం మా ఉద్దేశం కాదు. అది సరి కాదు కూడా. తెలుసుకోవలసిన చరిత్ర కాబట్టి చెబుతున్నాం.

జాతి నిర్మూలన అంటే ఏమిటి?

ఈ పదానికి ఇంగ్లీషులో వాడే 'జెనోసైడ్' అనే మాట పాతది కాదు. పోలండులో పుట్టిన యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్‌కిన్ 1944లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని తొలిసారి వాడాడు. జాతి అనే అర్థమున్న గ్రీకు మాటకు, చంపడం అనే అర్థమున్న లాటిన్ మాటను కలిపి చేశాడు.

1946లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ జాతి నిర్మూలన అంతర్జాతీయ నేరమని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాలు మూడు: క్యూబా, పనామా, ఇండియా. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. 1948 డిసెంబరు 9న జాతి నిర్మూలన ఒప్పందం ఆమోదం పొందింది. 1951 జనవరి 12 నుంచి అమల్లోకి వచ్చింది. ఇండియా 1949లో సంతకం చేసి, 1959లో ధ్రువీకరించింది.

ఒప్పందం ప్రకారం ఒక జాతీయ, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ, కొంత భాగం గానీ నాశనం చేయాలనే ఉద్దేశంతో చేసే అయిదు రకాల పనులు జాతి నిర్మూలన కిందికి వస్తాయి. ఆ సమూహంలోని వాళ్లను చంపడం, వాళ్లకు తీవ్రమైన శారీరక లేదా మానసిక హాని చేయడం, బతకలేని పరిస్థితుల్లోకి కావాలని నెట్టడం, పిల్లలు పుట్టకుండా అడ్డుకోవడం, వాళ్ల పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి అప్పగించడం. ఇందులో కీలకమైన మాట 'ఉద్దేశం'. చనిపోయిన వాళ్ల సంఖ్య ఎంత అన్న దానికన్నా, ఎందుకు చంపారు, ఎవరిని ఏరి చంపారు అన్నదే కోర్టులు చూస్తాయి.

ఇంకో విషయం మన పాఠకులు గమనించదగ్గది. ముసాయిదాలో 'సాంస్కృతిక జాతి నిర్మూలన' అనే భాగం కూడా ఉండేది. ఒక సమూహం తన భాషను వాడుకోకుండా నిషేధించడం వంటివి దాని కిందికి వచ్చేవి. చర్చల్లో చాలా దేశాలు ఒప్పుకోకపోవడంతో ఆ భాగాన్ని తీసేశారు. అందుకే ఈ రోజు ఒప్పందంలో భాష అన్న మాట కనబడదు.

ఒక దీవి, రెండు దేశాలు

హిస్పానియోలా అనే ఆ దీవికి 1492లో కొలంబస్ చేరాడు. తర్వాత దీవి మొత్తం స్పెయిన్ చేతిలో ఉండేది. పడమటి వైపు మూడో వంతు భాగాన్ని 1697 నాటి ఒడంబడికతో ఫ్రాన్స్ దక్కించుకుంది. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత అక్కడ చెరకు తోటలు వేయించి ఫ్రెంచివాళ్లు అపారంగా గడించారు. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు. పదమూడేళ్ల పోరాటం తర్వాత 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. బానిసలు తిరుగుబాటు చేసి గెలిచి, దేశం కట్టుకున్న ఉదాహరణ చరిత్రలో ఇదొక్కటే.

తూర్పు భాగం కథ వేరు. 1822 నుంచి 1844 దాకా హైతీయే దాన్ని పాలించింది. 1844 ఫిబ్రవరి 27న డొమినికన్ రిపబ్లిక్ ఏర్పడింది. అంటే ఆ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది స్పెయిన్ నుంచి కాదు, పక్కనున్న హైతీ నుంచి. హైతీ అంటే శత్రువు అన్న ఊహకు ఈ చరిత్ర తర్వాతి కాలంలో బాగా పనికొచ్చింది.

హైతీలో జనం మాట్లాడేది క్రెయోల్. ఫ్రెంచి మాటలు, ఆఫ్రికా భాషల పోకడలు కలిసి పుట్టిన భాష అది. తూర్పున స్పానిష్. మధ్యలో కొండలు, పొదలు, ఉత్తరాన ఒక చిన్న నది. ఆ నది పేరే 'మసాక్రె', అంటే ఊచకోత. ఈ పేరు 1937 వల్ల వచ్చింది కాదు. 18వ శతాబ్దంలో స్పెయిన్, ఫ్రాన్స్ వలసవాళ్ల మధ్య జరిగిన రక్తపాతం నాటిది.

సరిహద్దులో కలిసిమెలిసిన బతుకు

రెండు దేశాల మధ్య గీత ఎక్కడ అన్నది 1929లో గానీ ఒప్పందంగా కుదరలేదు. దాన్ని పూర్తిగా తేల్చుకునేసరికి 1936 వచ్చింది. రాజధానుల్లో ఆ గీత ముఖ్యం. సరిహద్దు పల్లెల్లో మాత్రం దానికి పెద్ద విలువ ఉండేది కాదు.

నదికి తూర్పున డొమినికన్ పట్టణం దహబోన్, పడమట హైతీ పట్టణం వనమింత్. సంత రోజు జనం అటూ ఇటూ నడిచి వెళ్లేవారు. పశువులు గీత దాటి మేసేవి. ఇటు ఉన్న పిల్లలు అటు బడికి వెళ్లేవారు. హైతీ మూలాల కుటుంబాలు కాఫీ, కూరగాయలు పండించుకునేవి. రెండు వైపుల వాళ్ల మధ్య పెళ్లిళ్లు మామూలే. పిల్లలు రెండు భాషలూ మాట్లాడేవారు. అప్పటి డొమినికన్ రాజ్యాంగం ప్రకారం ఆ నేల మీద పుట్టినవాళ్లు ఆ దేశ పౌరులు. కాబట్టి చనిపోయిన వాళ్లలో చాలామందిని హైతీయన్లు అని పిలిచినా, చట్టం లెక్కలో వాళ్లు డొమినికన్లే.

ఈ సంగతులు మనకు తెలిసింది రిచర్డ్ టూరిట్స్, లారెన్ డర్బీ అనే ఇద్దరు చరిత్రకారుల వల్ల. 1980ల చివర్లో వాళ్లు సరిహద్దుకు రెండు వైపులా తిరిగి, బతికి బయటపడ్డ ముసలివాళ్లతో మాట్లాడి రాసుకున్నారు. అప్పటికే యాభై ఏళ్లు గడిచాయి. ఇంకో పదేళ్లు ఆగి ఉంటే చెప్పేవాళ్లలో చాలామంది మిగిలేవారు కాదు.

ట్రుహియో ఎవరు?

అమెరికా సైన్యం హైతీని 1915 నుంచి 1934 దాకా, డొమినికన్ రిపబ్లిక్‌ను 1916 నుంచి 1924 దాకా తన అదుపులో పెట్టుకుంది. ఆ కాలంలో తూర్పున అమెరికా కంపెనీల చెరకు తోటలు బాగా పెరిగాయి. కోత పనికి హైతీ నుంచి కూలీలను తెచ్చేవారు. అదే కాలంలో అమెరికన్లు డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక కొత్త సాయుధ దళాన్ని తయారు చేశారు. అందులో చేరి, త్వరత్వరగా పైకి వచ్చినవాడు రఫాయెల్ ట్రుహియో.

1930లో అతను అధికారం చేజిక్కించుకున్నాడు. 1961 మే 30న హత్యకు గురయ్యే దాకా ముప్ఫై ఒక్క ఏళ్లు దేశం అతని గుప్పిట్లోనే ఉంది. 1936లో రాజధాని శాంటో డొమింగో పేరు మార్చి 'సియుదాద్ ట్రుహియో' అని తన పేరే పెట్టుకున్నాడు. తన దేశం స్పానిష్ వారసత్వం ఉన్న తెల్లవాళ్ల దేశమని చెప్పుకోవడం అతని పాలనకు ఇష్టమైన పాట. ట్రుహియో తల్లి వైపు బంధువుల్లో హైతీ మూలాలున్నవాళ్లు ఉన్నారు. అయినా అతని ప్రచార యంత్రం హైతీ వాళ్లను దొంగలుగా, మూఢనమ్మకాల జనంగా, దేశాన్ని నిశ్శబ్దంగా ఆక్రమిస్తున్న వాళ్లుగా చూపించింది.

1937 అక్టోబరు

1937 సెప్టెంబరు చివర్లోనే సరిహద్దులో చంపడం మొదలైంది. అక్టోబరు 2న దహబోన్‌లో తన గౌరవార్థం జరిగిన వేడుకలో ట్రుహియో మాట్లాడాడు. హైతీ వాళ్లు పశువులను, పంటలను దొంగిలిస్తున్నారని రైతులు మొర పెట్టుకున్నారని, తాను దానికి మందు కనిపెట్టానని, ఒక చోట ఇప్పటికే మూడు వందల మంది చచ్చారని, ఈ మందు ఇలాగే కొనసాగుతుందని చెప్పాడు. ఆ మాటల తర్వాత చంపడం ఒక్కసారిగా పెరిగింది.

చంపినవాళ్లు ప్రధానంగా సైనికులు. వారికి తోడుగా స్థానిక అధికారులను, జైళ్ల నుంచి తెచ్చిన ఖైదీలను, కొందరు పౌరులను వాడుకున్నారు. తుపాకులు తక్కువగా వాడారు. ఎక్కువగా మచ్చుకత్తులు, దుడ్డుకర్రలు, బాకులు. ఇందులో ఒక లెక్క ఉంది. తూటా దొరికితే అది సైన్యం పని అని తెలిసిపోతుంది. కత్తి గాయాలైతే, విసిగిపోయిన రైతులు వాళ్లంతట వాళ్లే తిరగబడ్డారని చెప్పుకోవచ్చు. తర్వాత ప్రభుత్వం సరిగ్గా ఇదే చెప్పింది.

అక్టోబరు 5 నాటికి దహబోన్, వనమింత్‌ల మధ్య దారి మూసేశారు. అంతకు ముందు నడిచి దాటిన వాళ్లు బతికారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు నదిలో దిగాల్సి వచ్చింది. చాలామందిని ఒడ్డునే నరికేశారు. ఉత్తర తీరంలోని మోంటే క్రిస్టీలో జనాన్ని రేవు దగ్గరికి తీసుకెళ్లి చంపి సముద్రంలోకి తోసేశారు. పెద్దవాళ్లను, పిల్లలను, గర్భిణులను ఎవరినీ వదల్లేదు. అక్టోబరు 8 నాటికి ఉత్తరాన ప్రధానమైన చంపుడు ఆగింది. 1938 మొదటి సగంలో దక్షిణ సరిహద్దులో మళ్లీ తరిమేయడం, చంపడం జరిగాయి.

డొమినికన్ వైపు దీన్ని 'ఎల్ కోర్తె' అన్నారు. కోత అని అర్థం. హైతీ వైపు 'కూట్ కూటో' అన్నారు. కత్తిపోటు అని అర్థం.

ఒక విషయం ఇక్కడ గమనించాలి. అమెరికా కంపెనీల చెరకు తోటల్లో పనిచేసే హైతీ కూలీల జోలికి సైన్యం పెద్దగా వెళ్లలేదు. దేశంలోకి హైతీ వాళ్లు రావడమే సమస్య అయితే, ఎక్కువగా కొత్తవాళ్లు ఉన్నది ఆ తోటల్లోనే. చచ్చిపోయింది మాత్రం సొంత భూమి దున్నుకుంటూ, పక్కింటి డొమినికన్లతో వియ్యమందుకుని స్థిరపడ్డ వాళ్లు. కంపెనీకి కూలీ కావాలి కాబట్టి కూలీ బతికాడు. అలా ఎవరికీ అక్కర్లేని రైతు చచ్చాడు.

ఇరుగుపొరుగు ఏం చేశారన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. బతికిన వాళ్ల మాటల్లో రెండూ వినిపిస్తాయి. కొందరు డొమినికన్లు పక్కింటి వాళ్లను దాచిపెట్టారు, దారి చూపి పంపారు. కొందరు భయంతోనో, బలవంతం మీదో ఎవరి ఇల్లు ఎక్కడో చూపించారు.

'పెరెహిల్' పరీక్ష

ఈ మారణకాండకు ఇంగ్లీషులో 'పార్స్లీ మారణకాండ' అనే పేరు స్థిరపడింది. పార్స్లీ అంటే మన కొత్తిమీరకు చుట్టమైన ఆకుకూర. స్పానిష్‌లో దాన్ని పెరెహిల్ అంటారు. సైనికులు ఆ ఆకు చూపించి ఇదేమిటని అడిగేవారట. మధ్యలోని 'ర'ను స్పానిష్ పద్ధతిలో నాలుక కొనతో పలికితే డొమినికన్. అలా పలకలేకపోతే హైతీ వాడు. క్రెయోల్‌లో 'ర' గొంతులోంచి మెత్తగా వస్తుంది. ఆ ఆకుకు వాళ్ల భాషలో మాట కూడా వేరే.

యాసను బట్టి ఎదుటివాళ్లది ఏ ఊరో చెప్పడం మన ఇళ్లల్లో సరదా ఆట. ఆ ఆటలో ఓడినవాళ్ల ప్రాణం తీస్తే ఎలా ఉంటుందో బైబిల్ పాత నిబంధనలోనే ఉంది. న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో 'షిబ్బోలెతు' అనే మాట పలకలేక 'సిబ్బోలెతు' అన్న ఎఫ్రాయిమీయులను యొర్దాను రేవుల దగ్గర చంపారని చదువుతాం.

అయితే చరిత్రకారులు ఒక హెచ్చరిక చేస్తున్నారు. సరిహద్దులో పుట్టి పెరిగిన వాళ్లు చాలామంది స్పానిష్ చక్కగా మాట్లాడేవారు. కొందరి మాటలో తేడాయే తెలియదు. అంతకు ముందు వలస పన్ను ఎవరు కట్టాలో తేల్చడానికి కూడా స్థానిక కాపలావాళ్లు ఇలాంటి మాట పరీక్ష వాడేవారని టూరిట్స్ రాశాడు. కాబట్టి ప్రతి ఒక్కరినీ ఆకు చూపించే చంపారని అనుకోకూడదు. చాలాచోట్ల ఎవరు ఎవరో ఊరికి ముందే తెలుసు. కొన్నిచోట్ల నల్లగా ఉన్నందుకే డొమినికన్ మూలాల వాళ్లు కూడా బలయ్యారు. ఈ పరీక్ష చంపేవాళ్లకు ఇచ్చింది గుర్తింపు కాదు, ఒక సాకు. తరాలుగా కలిసి బతికినవాళ్లను 'మీరు వేరు' అని చెప్పడానికి ఒక కొలత.

ఎంతమంది చనిపోయారు?

ఎవరూ లెక్క పెట్టలేదు. ప్రభుత్వం దాచింది. అందుకే అంచనాలు కొన్ని వేల నుంచి 35 వేల దాకా ఉన్నాయి. ఎక్కువమంది పరిశోధకులు పది వేలకు, ఇరవై వేలకు మధ్య చెబుతారు. టూరిట్స్ అంచనా సుమారు 15 వేలు. 1935 జనాభా లెక్కల్లో డొమినికన్ రిపబ్లిక్ మొత్తం మీద నమోదైన హైతీయన్లే సుమారు 52 వేలు. ఆ దేశంలో పుట్టి పౌరులైనవాళ్లు ఆ అంకెలో ఉండరు కాబట్టి నిష్పత్తి కచ్చితంగా చెప్పలేం. వాయవ్య సరిహద్దులో మాత్రం ఒక సమాజమే లేకుండా పోయింది.

నది అవతల వనమింత్‌లో చర్చి గురువులు, తప్పించుకుని వచ్చిన వాళ్లను అడిగి, చనిపోయిన వాళ్ల పేర్లు రాసుకున్నారు. అధికారిక లెక్క లేని చోట ఈ రోజుకీ ఆధారంగా నిలిచింది అలాంటి జాబితాలే.

ప్రపంచం ఏం చేసింది?

అక్టోబరు 11 నాటికే అక్కడి అమెరికా రాయబారి హెన్రీ నార్‌వెబ్, ఇది హైతీ వాళ్లను తుడిచిపెట్టే పథకం ప్రకారం జరుగుతున్న పని అని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు రాశాడు. అంటే తెలియక ఊరుకోలేదు. హైతీ అధ్యక్షుడు స్టెనియో విన్సెంట్ మొదట నోరు మెదపలేదు. అతని సైన్యం బలహీనం, కుర్చీ అంతంతమాత్రం. అక్టోబరు 15న రెండు ప్రభుత్వాలు కలిసి, స్నేహ సంబంధాలకు భంగం కలగలేదని ప్రకటన చేశాయి. కొన్ని వారాలకు అమెరికా పత్రికల్లో వార్తలు రావడం, హైతీలో కోపం పెరగడం మొదలయ్యాక విన్సెంట్ మధ్యవర్తిత్వం కోరాడు.

1938 జనవరి 31న వాషింగ్టన్‌లో ఒప్పందం కుదిరింది. డొమినికన్ ప్రభుత్వం హైతీకి 7,50,000 డాలర్లు ఇవ్వాలి. తప్పు చేశానని ఒప్పుకోనక్కర్లేదు. తర్వాత బేరమాడి ఆ మొత్తాన్ని 5,25,000కు తగ్గించారు. చనిపోయింది 15 వేల మంది అనుకుంటే తలకు 35 డాలర్లు. అందులోనూ బతికి బయటపడ్డ వాళ్ల చేతికి చేరింది చాలా తక్కువ. కొందరు పల్లెటూరి వాళ్లను నేరస్తులుగా నిలబెట్టి విచారణ నడిపించారు. ఆదేశం ఇచ్చిన వాళ్ల మీద ఏ కేసూ లేదు.

1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో యూదు శరణార్థుల గురించి ప్రపంచ దేశాల సమావేశం జరిగింది. పెద్ద దేశాలు తలుపులు మూసుకుంటే, లక్ష మంది దాకా తీసుకుంటానని ముందుకొచ్చింది ట్రుహియో ప్రభుత్వం. 1940లో సొసువా అనే చోట కొన్ని వందల మంది యూదులు స్థిరపడ్డారు కూడా. వాళ్ల ప్రాణాలు నిలిచాయి, అది నిజం. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవడం, తెల్లరంగు జనాన్ని పెంచుకోవడం ట్రుహియో లెక్క అన్నదీ నిజమే.

ఆ తర్వాత

మారణకాండ తర్వాత సరిహద్దును 'డొమినికన్‌గా మార్చే' కార్యక్రమం మొదలైంది. కొత్త బడులు, చర్చిలు, సైనిక స్థావరాలు కట్టారు. ఊళ్ల పేర్లు మార్చారు. వేరే చోట్ల నుంచి జనాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. రెండు భాషలు కలిసి బతికిన చోట ఇక ఒక్కటే భాష. అసలు అక్కడ ఎప్పుడూ రెండు జాతుల మధ్య పగే ఉండేదన్న చరిత్ర తయారైంది. దాన్ని రాసి నిలబెట్టిన వాళ్లలో ఒకరైన హొవాకిన్ బలాగెర్ తర్వాత దేశాధ్యక్షుడై, విడతల వారీగా 1996 దాకా పాలించాడు.

ఈ కథ 1937తో ముగియలేదనడానికి ఇంకో సాక్ష్యం ఉంది. 2013 సెప్టెంబరు 23న డొమినికన్ రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఆ దేశంలోనే పుట్టిన ఒక మహిళ ఓటరు గుర్తింపు కార్డు కోసం వేసిన కేసు అది. కాగితాలు లేని విదేశీయులకు పుట్టిన వాళ్లు పౌరులు కారని, ఇది 1929 నుంచీ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఎనభై నాలుగేళ్ల వెనక్కి వెళ్లి పౌరసత్వాన్ని తీసేయడం అన్నమాట. దెబ్బ తిన్నవాళ్లలో అత్యధికులు హైతీ మూలాలవాళ్లు. రెండు లక్షల మందికి పైగా ఏ దేశానికీ చెందని వాళ్లవుతారని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ అప్పట్లో అంచనా వేసింది. అన్ని వైపుల నుంచి విమర్శలు రావడంతో 2014 మేలో ఒక చట్టం తెచ్చారు. పుట్టుక నమోదు ఉన్నవాళ్లకు పౌరసత్వం తిరిగి ఇస్తామన్నారు. నమోదు లేనివాళ్లు విదేశీయులుగా పేరు రాయించుకుని, ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకోవాలి. మధ్యలో మిగిలింది ఒక్క కాగితం తేడా. దాని వల్ల ఒకే ఇంట్లో అన్న పౌరుడు, తమ్ముడు కాదు అన్న పరిస్థితి వచ్చింది.

ఇది జాతి నిర్మూలనేనా?

ఏ అంతర్జాతీయ కోర్టూ దీన్ని విచారించలేదు. 1948 ఒప్పందం వచ్చేసరికి పదకొండేళ్లు గడిచాయి. ఆ ఒప్పందం కింద అంతర్జాతీయ కోర్టులో తొలి శిక్ష పడిందే 1998లో, రువాండా కేసులో. పండితుల్లో కొందరు దీన్ని మారణకాండ అనే అంటారు. కొందరు జాతి నిర్మూలన అంటారు. మొదటి వాదన ఏమిటంటే, దేశంలోని హైతీ వాళ్లందరినీ చంపలేదు, చెరకు తోటల వాళ్లను వదిలేశారు, ఉద్దేశం సరిహద్దును ఖాళీ చేయడం. రెండో వాదన ఏమిటంటే, ఒప్పందంలోనే 'కొంత భాగం' అన్న మాట ఉంది. ఒక ప్రాంతంలోని సమూహాన్ని, ముసలివాళ్లు పిల్లలు అనకుండా, ఎవరన్నది చూసి మాత్రమే చంపారు. పారిపోయే దారి కూడా మూసేశారు. తరిమేయడమే ఉద్దేశమైతే వంతెన దగ్గర కత్తులు పట్టుకుని నిలబడాల్సిన పని లేదు. మాకు ఈ రెండో వాదనే బలంగా కనిపిస్తోంది.

తెలుసుకోవలసిన మరి మూడు

హెరెరో, నామా: నేటి నమీబియాలో జర్మన్ వలస పాలన మీద తిరగబడ్డ హెరెరోలను చంపెయ్యమని జనరల్ ఫాన్ ట్రోథా 1904 అక్టోబరు 2న ఆదేశం ఇచ్చాడు. ఎడారిలోకి తరిమి, తర్వాత నిర్బంధ శిబిరాల్లో పెట్టి చంపారు. సుమారు 80 వేల మంది హెరెరోల్లో 15 వేల మంది, నామాల్లో సగం మంది మిగిలారని అంచనా. జర్మనీ దీన్ని జాతి నిర్మూలనగా 2021లో ఒప్పుకుంది.

మోరియోరి: న్యూజిలాండ్‌కు తూర్పున చాథమ్ దీవుల్లో ఉండేవారు. మనిషిని చంపరాదన్నది వాళ్ల పూర్వీకుల కట్టడి. 1835లో మావోరీ తెగలు రెండు ఓడలో వచ్చి దాడి చేస్తే, పెద్దలు కూర్చుని ఆలోచించి కట్టడికే కట్టుబడ్డారు. సుమారు 1,700 మందిలో 1860ల తొలినాళ్లకు 101 మంది మిగిలారు. ఈ జాతి అంతరించిందని చాలాకాలం బడుల్లో చెప్పారు. అది తప్పు. వాళ్ల వారసులతో న్యూజిలాండ్ ప్రభుత్వం 2020లో పరిష్కార ఒప్పందం మీద సంతకం చేసింది.

సర్కేసియన్లు: నల్లసముద్రం ఒడ్డున కాకసస్ ప్రాంతం వాళ్లు. దీర్ఘ యుద్ధం తర్వాత 1864లో రష్యా సామ్రాజ్యం వాళ్లను గెలిచి, చాలామందిని చంపి, మిగిలిన వాళ్లలో అత్యధికులను ఒట్టోమన్ రాజ్యానికి ఓడల్లో తరిమేసింది. దారిలో ఆకలి, జబ్బులతో లెక్కలేనంత మంది పోయారు. వాళ్లను ఓడలెక్కించిన తీరంలోదే సోచి. 2014 శీతాకాల ఒలింపిక్స్ అక్కడే జరిగాయి. 2011లో జార్జియా పార్లమెంటు దీన్ని జాతి నిర్మూలనగా గుర్తించింది.

మనకు మిగిలేది

1937 సంఘటనలో మనం గుర్తుంచుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి, అక్కడి ఇరుగుపొరుగు వాళ్లు తరాలుగా కొట్టుకుంటూ ఉండి, చివరికి చంపుకోలేదు. కలిసి బతుకుతున్న వాళ్ల మధ్యకు రాజధాని నుంచి ఆదేశం వచ్చింది. పాత పగ అనే కథను తర్వాత రాశారు. రెండు, ఆ కథను తిప్పికొట్టగలిగింది రాసి పెట్టుకున్న మాటల వల్లే. చర్చిలో రాసిన పేర్లు, యాభై ఏళ్ల తర్వాత ముసలివాళ్లు చెప్పిన జ్ఞాపకాలు లేకపోతే ప్రభుత్వం చెప్పిందే చరిత్ర అయ్యేది. మన ఇళ్లల్లో కూడా పెద్దవాళ్లు ఎప్పుడు వచ్చారు, ఏ భూమి దున్నారు, ఎవరితో వియ్యమందారు అన్న సంగతులు నోటి మాటగానే ఉన్నాయి. వాళ్లు ఉండగానే రాసుకోవడం మంచిది. పుట్టిన తేదీ పత్రాలు, బడి రిజిస్టర్ నకళ్లు, భూమి కాగితాలు ఒక చోట భద్రపరచుకోవడం అంతకన్నా మంచిది.

2012 నుంచి ఏటా అక్టోబరు మొదట్లో దహబోన్‌లోనూ, వనమింత్‌లోనూ జనం నది దగ్గరికి వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. 'సరిహద్దు దీపాలు' అని దానికి పేరు. ఇటు వాళ్లు స్పానిష్‌లో, అటు వాళ్లు క్రెయోల్‌లో చనిపోయిన వాళ్లను తలచుకుంటారు.